అగరుబత్తి పుల్లల టవర్

1986 ఎండాకాలంలో మామ అమెరికా నుంచి మొదటిసారి వచ్చాడు. ఆయన సూట్‌కేసు తెరిచే వేళకు సగం వీధి మా వాకిట్లోనే ఉంది. మహబూబ్‌నగర్‌లో మా వీధి నుంచి అమెరికా పోయిన మొదటి మనిషి ఆయనే మరి. అమ్మకు ఊలు శాలువా, నాయినకు కాలిక్యులేటర్, చెల్లెకు చాక్లెట్ల డబ్బా. అన్నిటికంటే అడుగున, బట్టల కింద, మూలలు నలిగిన పొడుగాటి అట్టపెట్టె ఒకటి. దాన్ని నా చేతిలో పెట్టి, "ఇది ఆడుకునే బొమ్మ కాదు అల్లుడా, నువ్వు కట్టుకోవాలె" అన్నాడు.

పెట్టె మీది చిత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది. తెల్లటి రాకెట్, మీద నల్ల పట్టీలు, కింద నాలుగు రెక్కలు, కొనకు మనిషి కూర్చునే గుడి గంటలాంటి నల్ల క్యాప్సూల్, ఆ క్యాప్సూల్ నెత్తిన ఎర్రటి చట్రంలాంటి టవర్. మెర్క్యురీ రెడ్‌స్టోన్. అమెరికా తన మొదటి మనిషిని అంతరిక్షంలోకి పంపింది దీనిమీదే, 1961 మే 5న. ఆలన్ షెపర్డ్ పావుగంటలో పోయి వచ్చాడు, 187 కిలోమీటర్ల ఎత్తుదాకా. భూమి చుట్టూ తిరగలేదు, విసిరిన రాయిలాగా పైకి పోయి సముద్రంలో దిగాడు. అంతకు మూడు వారాల ముందే గగారిన్ భూమినే చుట్టి వచ్చేశాడు. అందుకేనేమో, మా స్కూలు పుస్తకంలో గగారిన్ ఉన్నాడు కానీ షెపర్డ్ లేడు. నాకు ఆయన పేరు ఆ అట్టపెట్టె చెప్పింది.

మామ కొలరాడోలో చదువుకునేవాడు. ఈ కిట్లు తయారుచేసే ఎస్టెస్ కంపెనీ కూడా ఆ రాష్ట్రంలోనే, పెన్‌రోజ్ అనే చిన్న ఊళ్లో ఉంది. ఏదో దుకాణంలో పై అరలో ఏళ్ల తరబడి పడి ఉన్న పాత పెట్టె ఇది, దుమ్ము దులిపి ఇచ్చారట. లోపల కాగితాన్ని మెలితిప్పి చుట్టిన తెల్ల గొట్టం. బట్టల దుకాణంలో తానుల లోపల ఉంటుందే, అలాంటిది, కాకపోతే గోడ పోస్టుకార్డంత పలచన. రెక్కలు కోసుకోవడానికి బాల్సా చెక్క పలక. దాన్ని చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు, పెళ్లిలో బాసింగాలు చేసే బెండులా ఉంది. మడతపెట్టిన ప్లాస్టిక్ గొడుగు, అంటే పారాచూట్, రబ్బరు పట్టీ, అక్షరాల స్టిక్కర్లు, నాలుగు మడతల కాగితం నిండా బొమ్మలతో సూచనలు. అన్నీ బండమీద వరసగా పేర్చుకున్నాక అడిగాను.

"మామా, ఇంజనేది?"

"అది రాదు అల్లుడా. అండ్ల మందుంటది. విమానం ఎక్కనియ్యరు."

నా మొహం చూసి ఆయనకే బాధనిపించినట్టుంది. గోడమీది కాలెండర్ షీటు ఒకటి చించి, వెనకవైపు ఇంజన్ బొమ్మ గీసి చెప్పాడు. బొటనవేలంత లావు కాగితపు గొట్టం. అడుగున గట్టి మట్టితో చేసిన సన్న రంధ్రం. దానిపైన దట్టించిన నల్లమందు, రాకెట్‌ను లేపేది అది. దానిపైన తోయకుండా పొగ మాత్రమే వదులుతూ కాలే పొర. ఆ పొర కాలినంతసేపు రాకెట్ తన ఊపుతో తానే పైకి పోతూ ఉంటుంది. అది అయిపోగానే అన్నిటికంటే పైనున్న చిటికెడు మందు ముందువైపుకి పేలి, ముక్కును ఊడదోసి గొడుగును బయటికి నెడుతుంది. కాగితం గొట్టంలో ఇంత లెక్క ఉందా అనిపించింది.

దానిమీద రాసే గుర్తులు కూడా నేర్పాడు. 'సి6-3' అంటే సి అక్షరం మొత్తం శక్తి, ఒక్కో అక్షరం దాటితే శక్తి పరిమితి రెట్టింపు. 6 అంటే సగటున ఆరు న్యూటన్ల తోపు. 3 అంటే మందు అయిపోయాక మూడు సెకన్లకు గొడుగు. ఎనిమిదో తరగతిలో న్యూటన్ అనే మాట పరీక్ష కోసం చదివాను. అది ఒక వస్తువు మీద ముద్రవేసి ఉంటుందని, దాన్ని చదివి ఏ రాకెట్‌కు ఏది పెట్టాలో నిర్ణయిస్తారని ఆ రోజే తెలిసింది.

ఇక్కడ నా దోస్తు గురించి చెప్పాలి. గడియారం చౌరస్తా దగ్గర వాళ్లకు కిరాణా దుకాణం ఉండేది. అందుకే క్లాసులో అందరం వాణ్ని శేటూ అని పిలిచేవాళ్లం. మామ ఆ బొమ్మ గీస్తుంటే వాడు నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఈ ఇంజన్‌ను మొదట కనిపెట్టింది పెద్ద శాస్త్రవేత్త కాదు, నెబ్రాస్కాలో నార్‌ఫోక్ అనే ఊళ్లో బూట్ల దుకాణం నడుపుకునే ఆర్విల్ కార్లైల్ అని మామ చెప్పగానే శేటు ముందుకు జరిగి కూర్చున్నాడు. కార్లైల్‌కు టపాసుల పిచ్చి, ఆయన సోదరుడికి చిన్న విమానాల పిచ్చి. ఆ రెండు పిచ్చులు కలిసి 1954లో ఈ కాగితపు రాకెట్ పుట్టింది. తర్వాత 1958లో డెన్వర్‌లో వెర్న్ ఎస్టెస్ అనే ఆయన ఆ ఇంజన్లు చేసే యంత్రం కట్టి దానికి మేబెల్ అని పేరు పెట్టాడు. ఐదారు సెకన్లకో ఇంజన్ బయటికి వచ్చేదట. పెన్‌రోజ్‌కు మారింది 1961లో, షెపర్డ్ ఎగిరిన ఏడే.

"అయితే దుకాణపాయనే చేసిండా?" అని శేటు రెండుసార్లు అడిగాడు.

ఆ యంత్రం ఎంత అవసరమో కూడా మామ చెప్పాడు. 1957లో రష్యావాళ్ల ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక అక్కడి పిల్లలు చాలామంది ఇనుప గొట్టాల్లో ఇంట్లోనే మందు కూరి చేతులు, కళ్లు పోగొట్టుకున్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. కాబట్టే ఈ ఆటలో రాకెట్ ఒళ్లంతా కాగితం, చెక్క, ప్లాస్టిక్ మాత్రమే. మందు జోలికి మనం పోకూడదు, ఫ్యాక్టరీలో చేసినదే పెట్టాలి. "ఇంజన్ లేకపోయినా సరే, ఎగిరేదాన్ని ఎట్ల కడతరో అట్లనే కట్టు" అన్నాడు. ఆ మాట నాకు బాగా పట్టుకుంది.

ఆ నెలన్నర మా పంచ అంతా రంపపు పొట్టు వాసనే. మామ కొలతలు చూపించాడు. అసలు రాకెట్ 25.4 మీటర్ల ఎత్తు, 1.78 మీటర్ల లావు. మా గొట్టం నాలుగు సెంటీమీటర్లకు కొంచెం పైన. కాలిక్యులేటర్ మీద నొక్కితే 43వ వంతు వచ్చింది. అంటే కట్టాక రెండడుగులకు కొంచెం తక్కువ ఉండాలి. తిరిగి కొలిస్తే అంతే ఉంది. ఎక్కడో సముద్రపు ఒడ్డున నిలబడ్డ ఎనిమిదంతస్తుల రాకెట్ 43 భాగాల్లో ఒక భాగమై మా అరుగు మీద ఉందన్న ఆలోచనకు నాకు రాత్రి నిద్రపట్టలేదు.

రెక్క కోయడంలో మొదటి పాఠం చెక్క నార. నార రెక్క ముందు అంచు వెంబడే పోవాలి, అడ్డంగా పోతే నేలకు తగలగానే విరుగుతుంది. మొదటి రెక్క అడ్డంగానే కోశాను. మామ ఏమీ అనలేదు, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా వంచాడు, బిస్కెట్‌లా టక్కుమంది. పలకలో మిగిలిన చోటు సరిగ్గా ఇంకో రెక్కకే సరిపోయింది. తర్వాత ఉప్పు కాగితంతో అంచులు గుండ్రంగా రుద్దడం, సీలర్ పూయడం, ఆరాక మళ్లీ రుద్దడం. చెక్క మీద గీతలు కనిపించకుండా పోయేదాకా ఐదారుసార్లు. గొట్టం మీద మెలితిరిగిన గాడి కూడా కనిపించకూడదు కదా. దానికి సూచనల కాగితంలో ఏదో పేరు రాసి ఉంది, మాకు దొరకలేదు. మా ఇంటికి అప్పట్లో కిటికీలకు రంగులు వేస్తున్న ఆయన ఇచ్చిన పిడికెడు లప్పంతో పని అయిపోయింది. అంత నున్నగా వచ్చింది.

టవర్ దగ్గర ఆగిపోయాం. టవర్‌కు ఇచ్చిన సామాను దారిలోనే నుజ్జయింది. నిజం రాకెట్‌లో ఆ టవర్ అలంకారం కాదు. కింద రాకెట్‌కు ఏదైనా అయితే మనిషి ఉన్న క్యాప్సూల్‌ను లాక్కుని దూరంగా పోవడానికి దాని నెత్తిన ఇంకో చిన్న రాకెట్ ఉంటుంది. టవర్ లేని మెర్క్యురీ రెడ్‌స్టోన్ అంటే కొప్పు లేని బతుకమ్మ. అగ్గిపుల్లలు పెట్టి చూశాను, లావుగా, మొద్దుగా ఉన్నాయి. రెండు రోజులు దిగాలుగా తిరిగాను.

మూడో రోజు పొద్దున్నే శేటు వచ్చాడు, లాగు జేబులో కాగితం పొట్లం. విప్పితే అగరుబత్తులు. "చూడరా, దీని పుల్ల ఎంత సన్నగున్నదో" అన్నాడు. దుకాణంలో ఉన్న రకాలన్నీ విరిచి చూశాడట, ఖరీదు గంధం బత్తుల పుల్లే అన్నిటికంటే సన్నం, నిటారు. వాళ్ల నాయినకు తెలిస్తే వీపు పగిలేదే. బత్తీని నీళ్లలో నానబెట్టి, మసాలా గీకేసి, లోపలి వెదురు పుల్లను బ్లేడుతో అంచు అంచూ గీశాడు. సూచనల కాగితం మీది టవర్ బొమ్మకు కొవ్వొత్తి రుద్ది, ఫెవికాల్ అంటకుండా చేసి, దానిమీదే పుల్లలు పేర్చాడు. టవర్‌కు మూడే కాళ్లు, ప్రతి రెండు కాళ్ల మధ్య ఏటవాలు కమ్మీలు. ఒక్కో కమ్మీ గోటిలో సగం. సూది కొనతో ఫెవికాల్ చుక్క పెట్టి, ఊపిరి బిగబట్టి అతికించి, ఆరేదాకా వేళ్లతో అలాగే పట్టుకునేవాడు. నేను పక్కన కూర్చుని కాపలా, చెల్లె రాకుండా, ఫ్యాను వేయకుండా. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. నా చేతుల్లో ఆ పని లేదు. ఆ టవర్ పూర్తిగా వాడిదే. ఎర్ర రంగు వేశాక కూడా చాలా ఏళ్లు దానికి గంధం వాసన వచ్చేది.

స్టిక్కర్ల గురించి తొందరగా చెప్పేస్తాను, గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పాతబడిపోయినవి, నీళ్లలో వేయగానే పెంకుల్లాగా ముక్కలైపోయాయి. చివరికి గడియారం చౌరస్తా దగ్గర దుకాణాల బోర్డులు రాసే ఆర్టిస్టు దగ్గరికి రాకెట్‌ను తువ్వాలులో చుట్టుకుని పోయాం. ఆయన చుట్టూ తిప్పి చూసి, ఉడుత వెంట్రుకల కుంచె తీసి, మేము పట్టుకుపోయిన చిత్రం చూసుకుంటూ 'యునైటెడ్ స్టేట్స్' అని పైనుంచి కిందికి ఇంగ్లీషు అక్షరాలు రాశాడు, స్కేలు పెట్టకుండా. డబ్బులు తీసుకోలేదు. చాయ్ తాగమని చెప్పి మాకే ఇప్పించాడు.

మామ తిరిగి పోయే ముందు రోజు దాబామీద ఒక పరీక్ష చేయించాడు. రాకెట్ తిన్నగా పోవాలంటే బరువు నిలిచే చోటు ముందుండాలి, గాలి ఒత్తిడి పనిచేసే చోటు వెనకుండాలి. పరీక్షకు ఇంజన్ లోపల ఉన్నట్టే బరువుండాలి కదా. పెన్సిల్ సెల్ ఒకటి తీసి, కాగితం చుట్టి ఇంజన్ అంత లావు చేసి తోకలో దూర్చాడు. పతంగి దారాన్ని రాకెట్ నడుముకు కట్టి, బరువు సమంగా నిలిచే చోట ముడివేసి, తల చుట్టూ గిరగిరా తిప్పాడు. మొదట తోక ముందుకు వచ్చింది. ముక్కులో కొంచెం బంకమట్టి కలిపాడు. మళ్లీ తిప్పితే ముక్కు గాలిని చీల్చుకుంటూ ముందుకే పోయింది, దారం గుయ్యిమంది. "ఇగ ఇది ఎగురుతది" అన్నాడు మామ. "ఎప్పుడన్నా సరే."

ఆ రాత్రి దాబామీద పడుకుని మామ చెప్పిన కథ నేనూ శేటూ ఎన్నిసార్లు చెప్పుకున్నామో. మనుషుల కంటే ముందు, 1960 నవంబరు 21న, ఖాళీ క్యాప్సూల్‌తో మెర్క్యురీ రెడ్‌స్టోన్ మొదటి పరీక్ష. ఇంజన్ రాజుకుంది, రాకెట్ నేల విడిచింది, నాలుగంగుళాలు లేచింది, ఇంజన్ ఆగిపోయింది. వచ్చి మళ్లీ తన పీటమీదే కూర్చుంది. కింద వైర్లు ఊడాల్సిన వరసలో ఊడకపోవడమే కారణం. ఇంజన్ ఆగింది కాబట్టి ప్రయాణం అయిపోయిందనుకున్న టవర్, క్యాప్సూల్‌ను వదిలేసి తానొక్కటే రయ్యిమని ఎగిరిపోయింది. తర్వాత క్యాప్సూల్ ముక్కులోంచి గొడుగులు తన్నుకొచ్చి రాకెట్ పక్కన వేలాడాయి. ఇంధనం నిండుగా ఉన్న రాకెట్ అలా నిలబడే ఉంది. పోయి ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. ఆ కథ చెప్పినంతసేపు శేటు టవర్ వైపే చూస్తున్నాడు.

సరిగ్గా మూడేళ్లకు, 1963 నవంబరు 21నే, కేరళలో తుంబా నుంచి, మన నేల మీంచి అంతరిక్షానికి పోయిన మొదటి రాకెట్, అమెరికాలో చేసిన నైకీ-అపాచీ లేచిందని తర్వాత చదివాను. ఆ తేదీ అప్పట్నుంచి నాకు పండగలాంటిది.

మామ పోయాడు. రాకెట్ గూట్లోకి చేరింది. చూడటానికి అందరూ వచ్చేవాళ్లు, మెచ్చుకునేవాళ్లు. కానీ ఎగరడానికి కట్టిన దాన్ని గూట్లో పెట్టి చూడటం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఎగరని రాకెట్ సగమే కట్టినట్టు. ఆ తొందరలోనే ఆ ఏడు దీపావళికి తప్పు చేశాం. తారాజువ్వ పుల్ల విరిచేసి, చార్టు కాగితంతో చేసిన గొట్టంలో పెట్టి, అట్ట రెక్కలు అతికించి ముట్టించాం. అది పైకి పోలేదు. ఒక్క గంతు వేసి, పక్కకు తిరిగి, నేలబారున పోయి పక్కింటివాళ్ల జొన్నచొప్పలో దూరింది. బిందెలతో నీళ్లు పోసి ఆర్పాం. ఎవరికీ ఏం కాలేదు. నాయిన కొట్టలేదు, గట్టిగా అరవలేదు కూడా. కాలిన చొప్పకట్ట ఒకటి తెచ్చి మా ముందు పెట్టి, "మీ మామ ఏం చెప్పిండు?" అని మాత్రం అడిగాడు. జువ్వకు అంత పొడుగు పుల్ల ఎందుకుంటుందో, దాన్ని తీసేస్తే ఏమవుతుందో దారం పరీక్షలో మేమే చూశాం. చూసి కూడా చేశాం. ఆ తర్వాత ఎప్పుడూ మందు ముట్టలేదు.

మందు లేకుండా ఎగరేసే దారి దొరకడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 1994 అక్టోబరు 15న శ్రీహరికోట నుంచి ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ మొదటిసారి గెలిచింది. అంతకు ముందటేడు సెప్టెంబరులో అది విఫలమైంది కాబట్టి ఈసారి మా అందరికీ టెన్షన్. వార్తలు చూసి శేటు నేరుగా మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఏదో పెళ్లిలో ఖాళీ అయిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా. "నీళ్లతోని లేపుదాం" అన్నాడు. సీసా లావు 11 సెంటీమీటర్లు. అప్పటికి నా దగ్గర లెక్క సిద్ధమే. 16వ వంతు. అంటే మెర్క్యురీ రెడ్‌స్టోన్ ఐదడుగుల పైచిలుకు, మా చెల్లె ఎత్తు!

పదహారు చార్టులు పట్టాయి. బాల్సా ఎక్కడ దొరుకుతుంది, రెక్కలకు థర్మాకోల్ మీద కాగితం అతికించాం. టవర్ ఈసారి చీపురుపుల్లలతో, మళ్లీ శేటే. సీసాలో మూడో వంతు నీళ్లు, మూతికి ల్యాబులో వాడే రబ్బరు బిరడా, దానికి బెజ్జం చేసి సైకిల్ ట్యూబు వాల్వు, ఆ వాల్వుకు సైకిల్ పంపు. గాలి కొట్టేకొద్దీ లోపల ఒత్తిడి పెరిగి, బిరడా ఊడగానే నీళ్లు కిందికి, రాకెట్ పైకి.

తేదీ నేనే పెట్టాను, నవంబరు 21. పిల్లలమర్రి పోయే దారిలో పల్లికాయ పీకేసిన పడావు పొలం. ఎర్ర దుబ్బలో రెండు ఇనుప సలాకలు పాతి మధ్యలో రాకెట్‌ను నిలబెట్టాం. పొద్దుటి ఎండలో తెల్లగా, అంత పొడుగు. దారిన పోయేవాళ్లు సైకిళ్లు ఆపారు. గొర్రెలు కాసే పిల్లలు ఇద్దరు గట్టుమీద కూర్చున్నారు. శేటు పంపు కొడుతున్నాడు, నేను లెక్కపెడుతున్నాను. పద్నాలుగో దెబ్బకు బిరడా జారింది. బుస్సుమని కొంచెం నీళ్లు. రాకెట్ బెత్తెడు లేచింది. మళ్లీ వచ్చి సలాకల మధ్య సరిగ్గా కూర్చుంది.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. శేటు పంపు వదిలేసి నావైపు తిరిగి, "నాలుగించులు!" అని అరిచాడు. ఇద్దరం పొలంలోనే కూలబడి, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. తేదీ కూడా కలిసింది కదా.

బిరడాకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించాం. రెండోసారి ముప్పై దెబ్బలు దాటాక పేలినట్టు చప్పుడైంది, మామీద వాన పడ్డట్టు నీళ్లు. కళ్లు తుడుచుకుని చూసేసరికి రాకెట్ గట్టుమీది వేపచెట్టు కొన దాటి పోతోంది. నిటారుగా. ఊగలేదు, తిరగలేదు. పైన ఒక్కసారి ఆగినట్టయి, ముక్కు వంచి, మెల్లగా వాలి తుమ్మచెట్టు మీద పడింది. చార్టు కాగితం చీలికలైంది. చీపురుపుల్లల టవర్ మాత్రం ముల్లుకు చిక్కుకుని నిలబడే ఉంది. గొర్రెల పిల్లలు చెట్టెక్కి దాన్ని విడిపించి శేటు చేతికే ఇచ్చారు, ఎవరిదో వాళ్లకు చెప్పకుండానే తెలిసినట్టు.

తర్వాత ఏళ్లు గడిచాయి. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం, శేటుకు దుకాణం. చిన్న రాకెట్ నాతోపాటే ఇళ్లు మారింది.

2011లో మామ కూతురి గ్రాడ్యుయేషన్‌కు కొలరాడో పోయే అవకాశం వచ్చింది. టికెట్ చేతికి రాగానే నేను చేసిన మొదటి పని గూట్లోంచి రాకెట్ దింపడం. తోకలో చూస్తే పెన్సిల్ సెల్ అలాగే ఉంది, పాతికేళ్లుగా! కారిపోయి, గొట్టం లోపల తెల్లటి పొక్కులు కట్టింది. గుండె ఝల్లుమంది. దూది తడిపి తడిపి, మెల్లగా, రెండు రాత్రులు శుభ్రం చేశాను. అదృష్టం, గోడ మెత్తబడలేదు. శంషాబాద్‌లో సెక్యూరిటీవాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపలికి టార్చి వేసి చూసి పంపించారు. విమానంలో ఒళ్లోనే పెట్టుకున్నాను.

షెపర్డ్ ఎగిరి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన వారం అది. శనివారం పొద్దున మామ నన్నొక పెద్ద గడ్డి మైదానానికి తీసుకుపోయాడు. అక్కడ ముసలివాళ్లు, పిల్లలు, ఎవరి రాకెట్లు వాళ్లవి. ఒక పెద్దాయన మా రాకెట్ రెక్కలు కదిపి చూసి, టవర్ దగ్గర ఆగి, అది దేనితో చేశారని అడిగాడు. మామ ఇంగ్లీషులో వివరిస్తుంటే ఆయన టవర్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

దుకాణంలో కొన్న ఇంజన్ మీద ఆ గుర్తులే ఉన్నాయి, సి6-3. కాలెండర్ వెనక మామ గీసిన బొమ్మ చేతిలోకి వచ్చినట్టుంది. గొడుగు కాలకుండా నిప్పంటని కాగితం ఉండలు గొట్టంలో పెట్టాం. పాత గొడుగు పెళుసుబారింది, కొత్తది కట్టాం. ఇంజన్ కింది రంధ్రంలో సన్నటి తీగ, దానికి వైర్లు, వైర్ల చివర పదిహేనడుగుల దూరంలో బ్యాటరీ, బటన్. అప్పుడు శేటుకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున పది, పాలమూరులో రాత్రి తొమ్మిదిన్నర, దుకాణం మూసే వేళ. స్పీకర్ ఆన్ చేసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. బటన్ మామ చేతికివ్వబోతే ఆయన తీసుకోలేదు. "నేను ఇంజన్ తేలేదు. నువ్వే నొక్కు అల్లుడా" అన్నాడు.

ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. తెలుగులోనే లెక్కపెట్టాం.

బుస్సుమన్న చప్పుడు చెవికి చేరేలోపే అది నిలబెట్టిన కడ్డీ మీద లేదు. తెల్లటి పొగ గీత ఒకటి నిటారుగా పైకి. మంట ఉన్నది రెండు సెకన్లు కూడా కాదు. ఆ తర్వాత చప్పుడు లేకుండా, సన్నటి పొగ వదులుతూ, తన ఊపుతో తాను పోతూనే ఉంది. దాబామీద దారం కట్టి తిప్పినప్పుడు ఎలా పోయిందో అలాగే, ముక్కు తిన్నగా. ఒకటి, రెండు, మూడు. పైన చిన్న టప్పు. గొడుగు విచ్చుకుంది.

జేబులోంచి శేటు గొంతు, "అరేయ్, ఏమైందిరా? నాలుగించులేనా?"

"నాలుగు తాటిచెట్లురా" అన్నాను. గొంతు పెగల్లేదు, మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అటునుంచి కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, "టవర్?" అన్నాడు.

గడ్డిలో పరుగెత్తిపోయి చూశాను. రెక్కలు నాలుగూ బాగున్నాయి. క్యాప్సూల్ ముందుగా నేలకు తగిలినట్టుంది, టవర్ మూడు కాళ్లలో ఒకటి విరిగింది. విరిగిన ముక్క కోసం నేనూ మామా మోకాళ్లమీద కూర్చుని అరగంట వెతికాం, దొరకలేదు.

మందు తగిలిన రాకెట్‌ను విమానంలో తేవడం మంచిది కాదని, కాలిన ఇంజన్ తీసేసి, లోపలంతా తుడిచి, పెట్టెలో సర్ది మామ పోస్టులో పంపాడు. మూడు వారాలకు వచ్చింది. పెట్టె విప్పకుండా అలాగే పట్టుకుని మహబూబ్‌నగర్ బస్సెక్కాను. అమ్మ చేతికిస్తే తోక దగ్గర వాసన చూసి, దీపావళి తెల్లారిన వాకిలి లాగుంది అంది.

శేటు దుకాణం మధ్యాహ్నం ఖాళీగా ఉంది. కొడుకును గల్లా దగ్గర కూర్చోబెట్టి, వెనక గదిలో బియ్యం బస్తా మీద తువ్వాలు పరిచి రాకెట్‌ను పడుకోబెట్టాడు. తోకలో వేలుపెట్టి, అంటిన మసిని బొటనవేలుతో రుద్ది చూసుకున్నాడు. తర్వాత టవర్. కొత్త అగరుబత్తుల ప్యాకెట్లు నాలుగు విప్పి చూశాడు. ఇప్పటివన్నీ యంత్రం మీద తీసిన గుండ్రటి పుల్లలు. పాతవి చేత్తో చీల్చినవి, పలకలుగా ఉండేవి. "గిది పెడితే అతుకు తెలుస్తదిరా" అన్నాడు. స్టూలెక్కి పై అరలో చేయిపెట్టి, చాలాసేపు వెతికి, ఎన్నేళ్లనాటిదో, రంగు వెలిసిన కట్ట ఒకటి దింపాడు. ఒక బత్తీ లాగి వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి నిటారుగా ఉందో లేదో చూశాడు. గ్లాసులో నీళ్లు తెమ్మని కొడుకుతో చెప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, బ్లేడు కాగితం విప్పాడు.